ఆయన్ని ఎవరూ చెడగొట్టలేదు

మన దగ్గర క్వార్టర్ సీసా అంటారు చూడండి, ప్యాంటు వెనక జేబులో సరిగ్గా ఒదిగిపోయే సైజు. ఈ ఆల్బమ్ పేరు దాని గురించే. "ఎ యాస్ పాకెట్ ఆఫ్ విస్కీ". అందులోని మోటు మాటని తెలుగులోకి దించడం కష్టమేం కాదు గానీ, మా పిన్ని ఈ బ్లాగు చదువుతుంది. 1996లో మటడోర్ కంపెనీ విడుదల చేసింది. పాడి, గిటార్ వాయించింది ఆర్.ఎల్. బర్న్‌సైడ్. అమెరికాలో మిసిసిపి రాష్ట్రం ఉత్తరాన పల్లెటూళ్ల మనిషి. కౌలు సేద్యం చేసి, ట్రాక్టర్ తోలి, చేపలు పట్టి చాలా ఏళ్లు బతికాడు. రికార్డింగ్ నాటికి ఆయనకి 69 ఏళ్లు. ఆయన పక్కన వాయించింది న్యూయార్క్ నుంచి వచ్చిన ముగ్గురు పంక్ కుర్రాళ్లు, అంటే మోటుగా, గట్టిగా రాక్ వాయించేవాళ్లు.

పోయిన నెల ఈ ఆల్బమ్ మీద నాకూ, హైదరాబాద్‌లో ఉండే ఒక తమ్ముడికీ ఫోన్లో పెద్ద వాదన జరిగింది. సొంత తమ్ముడు కాదు, గిటార్ వల్ల తమ్ముడయ్యాడు. శుక్రవారాలు పబ్బుల్లో బ్లూస్, అంటే అమెరికా నల్లవాళ్ల పాత పల్లె సంగీతం వాయిస్తాడు, బాగా వాయిస్తాడు. నేను పంపిన లింకు విని, "అన్నా, ఇది బ్లూస్ కాదు, తాగుబోతుల గోల. పాపం పెద్దాయన్ని ఆ కుర్రాళ్లు చెడగొట్టారు" అన్నాడు. వాడొక్కడే కాదు. ఆల్బమ్ వచ్చినప్పుడు బ్లూస్ పెద్దమనుషులు చాలామంది అమెరికాలోనే ఈ మాట అన్నారు. వాడికి ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నాకు కోపం వస్తే మాట రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు జరిగిందేమిటో చెప్తాను. జాన్ స్పెన్సర్ బ్లూస్ ఎక్స్‌ప్లోజన్ అనే బ్యాండు న్యూయార్క్‌లో 1991లో మొదలైంది. పేరులో బ్లూస్ ఉంది గానీ, వాయించేది పంక్ రాక్. వాళ్లు తమ కచేరీలకు ముందు వాయించమని బర్న్‌సైడ్‌ని వెంట తీసుకెళ్లారు. కుదిరింది. 1996 ఫిబ్రవరిలో మిసిసిపిలోని హోలీ స్ప్రింగ్స్ దగ్గర ఒక ఫారంలో అందరూ కూర్చున్నారు. బర్న్‌సైడ్, ఆయనతో ఎప్పుడూ స్లయిడ్ గిటార్ వాయించే కెన్నీ బ్రౌన్, స్పెన్సర్, జూడా బావర్, డ్రమ్స్ మీద రసెల్ సిమిన్స్. ఒక్క మధ్యాహ్నం, సుమారు నాలుగు గంటలు. పది ట్రాకులు. అంతే, అయిపోయింది. మన సినిమా పాటకి ఒక్క పల్లవి మిక్సింగే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

హోలీ స్ప్రింగ్స్ నేను చూసిన ఊరే. ఉద్యోగం పేరుతో మూడేళ్లు మిసిసిపి పక్కనే ఉన్న మెంఫిస్ నగరం శివార్లలో ఉన్నాను. అక్కడ తెలుగువాళ్లకి కొదవ లేదు. శని, ఆదివారాలు గుడి, క్రికెట్, ఎవరో ఒకరింట్లో బిర్యానీ. మెంఫిస్‌కి ఎవరొచ్చినా బీల్ స్ట్రీట్ తీసుకెళ్లాలి, అది అక్కడి ఆచారం. ఆ వీధిలో మందు షాపుల ముందు నుంచి నడుస్తుంటే ప్రతి గుమ్మంలోంచీ ఒకటే లెక్క వినిపిస్తుంది. పన్నెండు బార్లు (బారు అంటే మన తాళంలో ఒక ఆవృత్తి లాంటిది), మూడు కార్డ్‌లు (కార్డ్ అంటే కలిసి మోగే కొన్ని స్వరాల గుంపు), చివర్లో ఒక మలుపు, మళ్లీ మొదటికి. బ్లూస్ అంటే ఇదే కాబోలు అనుకున్నాను. రెండో ఏడు కారులో ఆగ్నేయంగా గంట లోపు ప్రయాణం చేసి మిసిసిపిలోకి వెళ్తే, మిట్టపల్లాల ఎర్రమట్టి నేల, చెట్లనీ కరెంటు స్తంభాలనీ కలిపి కప్పేసిన కుడ్జు తీగ, మూతపడ్డ పెట్రోలు బంకులు. దాన్ని హిల్ కంట్రీ అంటారు. కొండలంటే మన పాడేరు కొండల్ని ఊహించుకోకండి, నిరాశ పడతారు. కానీ ఆ మిట్టల్లో పుట్టిన బ్లూస్‌కి ఆ మూడు కార్డ్‌ల లెక్క దాదాపు పట్టదు.

నా వాదనంతా ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను.

హిల్ కంట్రీ బ్లూస్‌లో తరచుగా పాటంతా ఒకే కార్డ్ మీద నడుస్తుంది. బొటనవేలు కింది స్థాయి తీగని కొడుతూనే ఉంటుంది, మిగతా వేళ్లు పై తీగల మీద ఒక చిన్న ముక్కని తిప్పి తిప్పి వాయిస్తాయి. ఎన్ని బార్ల తర్వాత ఏం రావాలి అనే నియమం ఉండదు. గాయకుడికి ఊపిరి తీసుకోవాలనిపిస్తే ఒక బారు ఎక్కువవుతుంది, మాట ముందే తోస్తే ఒక బారు తగ్గుతుంది. బర్న్‌సైడ్ ఈ పద్ధతిని తన ఊరి దగ్గరే ఉండే మిసిసిపి ఫ్రెడ్ మెక్‌డోవెల్ వాయిస్తుంటే చూసి పట్టుకున్నాడు. దీని వెనక ఆ ప్రాంతంలో ఇంకా పాతదైన పిల్లనగ్రోవి, డోళ్ల సంప్రదాయం ఉంది. అక్కడ అసలు కార్డ్ అన్న మాటే లేదు. దరువు, దాని మీద ఒక చిన్న రాగం ముక్క, చుట్టూ ఆడే జనం.

నేను మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది బుర్రకథ. పోలిక దూరమే, ఒప్పుకుంటాను. కథకుడి భుజం మీద తంబురా, చేతివేళ్లకి అందెలు. తంబురా శ్రుతి మారదు. కథ యుద్ధంలోకి వెళ్లినా, ఏడుపులోకి వెళ్లినా ఆ మీటు అలాగే ఉంటుంది. పక్కనున్న ఇద్దరూ డక్కీలు వాయిస్తూ "తందాన తాన" అంటూ ఉంటారు. అరగంట గడిచాక ఆ మీటు వినపడటం మానేస్తుంది, మనమే దాని లోపల ఉంటాం. చిన్నప్పుడు మా ఊరి చెరువుగట్టు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నవాడిని కాబట్టి, ఒకే కార్డ్ అంటే బోరు అన్న మాట నా చెవికి ఎక్కదు. మార్పు లేకపోవడం వల్లే ఎక్కే మైకం ఒకటి ఉంటుంది. మన భాషలో దానికి మంచి మాట ఉంది, పూనకం.

సైకెడెలిక్ సంగీతం అని 1960లలో తెల్ల కుర్రాళ్లు పేరు పెట్టి, మందులు మింగి, రంగు దీపాలు వేసుకుని వెతికినది చాలావరకు ఇదే. కాలం ఆగిపోవాలి, ఒకే స్వరం చుట్టూ లోకం తిరగాలి. అందుకోసం మన సితార్ దాకా కూడా వచ్చారు. మిసిసిపి మిట్టల్లో శనివారం రాత్రి జ్యూక్ జాయింట్‌లో, అంటే తాగుడూ ఆటా పాటా జరిగే పల్లెటూరి పాకలో, అది ఊరికే దొరికేది. ఊరికే అంటే ఊరికే కాదు, బీరుకి డబ్బులివ్వాలి.

పంక్ సంగతి కూడా అంతే. పంక్ అంటే ఏమిటి? వచ్చినంత వాయించు, గట్టిగా వాయించు, తప్పుల్ని కడగొద్దు, చవక సామాను చాలు. బర్న్‌సైడ్, ఆయన పొరుగున జూనియర్ కింబ్రో వాయించే చోట ఆంప్లిఫయర్ బొంగురుగా అరిచేది. దాన్ని ఎవరూ ఎఫెక్ట్ అనలేదు, అరిగిపోయిన స్పీకర్ అన్నారు. ఇంకొకటుంది. పంక్‌కి పెదనాన్న లాంటి ఇగ్గీ పాప్ 1960లలో షికాగో వెళ్లి బ్లూస్ డ్రమ్మర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ఆ తర్వాతే తన బ్యాండు పెట్టాడు. అదే మనిషి 1996లో తన కచేరీల ముందు వాయించమని జూనియర్ కింబ్రోని పిలిచాడు. అంటే కుర్రాళ్లు పెద్దాయన ఇంటికి తెచ్చిన కొత్త సరుకులో సగం ఆయన ఇంటి నుంచి ఎప్పుడో పోయిందే.

ఇంకో చిన్న వివరం నన్ను ఎప్పుడూ నవ్విస్తుంది. బ్లూస్ ఎక్స్‌ప్లోజన్‌లో బేస్ గిటార్ లేదు, రెండు గిటార్లు, డ్రమ్స్. న్యూయార్క్‌లో అదొక తెగింపు. బర్న్‌సైడ్ తర్వాతి రోజుల్లో కెన్నీ బ్రౌన్‌తో, డ్రమ్స్ మీద తన మనవడు సెడ్రిక్‌తో ఊళ్లు తిరిగిన బ్యాండు ఎలా ఉండేదో తెలుసా? రెండు గిటార్లు, డ్రమ్స్. బొటనవేలే బేస్ పని చేస్తుంటే ఇంకో మనిషికి టికెట్టు ఎందుకు? ఈ ఆల్బమ్‌లోనూ బేస్ లేదు, నాలుగు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు. హెడ్‌ఫోన్స్‌లో విని చూడండి. మొదటి పాట "గోయిన్ డౌన్ సౌత్"లో నాలుగు గిటార్లూ ఒకే కార్డ్‌లో ఇరుక్కుని కొట్టుకుంటుంటే ఎవరిది ఏదో తెలియదు. ఒక్క బొటనవేలు మాత్రం తెలుస్తుంది. సిమిన్స్ డ్రమ్స్ ఆ బొటనవేలు వెంట పోతుంది. ఎంత మోతలోనైనా అది మాత్రం తప్పదు.

"సరే అన్నా, కానీ ఆయన అసలు సంగీతం అకూస్టిక్ కదా, 1967 రికార్డింగులు విను" అన్నాడు తమ్ముడు. విన్నానురా. గొప్పవే. జార్జ్ మిచెల్ అనే ఆయన వెళ్లి రికార్డు చేశాడు. అప్పట్లో జానపదం సేకరించే పట్నం మనుషులకు అలాంటిదే కావాలి. పల్లె మనిషి, చెక్క గిటారు, ఇంటి అరుగు. వాళ్లు చేసిన మేలు పెద్దది, అవి లేకపోతే మనకి ఏమీ మిగిలేది కాదు. కానీ ఫొటో తీసేవాడు ఎటు నిలబడితే అదే ఇల్లు అనుకోకూడదు. 1970ల చివర్లో ఇదే బర్న్‌సైడ్ కొడుకులనీ అల్లుడినీ కూడేసి "సౌండ్ మెషీన్" అని బ్యాండు కట్టాడు. ఎలక్ట్రిక్ గిటార్లు, రేడియోలో వచ్చే ఫంక్, సోల్ వాసన. మెంఫిస్‌లో సంగీతం పాఠాలు చెప్పే డేవిడ్ ఎవాన్స్ వాటిని రికార్డు చేయబట్టి మనకి ఆ సంగతి తెలుసు. ఆయన పిల్లలు విన్నది ఆయన విన్నాడు, కలుపుకున్నాడు. న్యూయార్క్ కుర్రాళ్లు రావడానికి పదిహేనేళ్ల పైమాటే అది. అప్పుడు ఆయన్ని చెడగొట్టింది ఎవరు? సొంత కొడుకులా?

ఇప్పుడు ఎదుటి వైపు బలమైన ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటేస్తే మోసం అవుతుంది. 1968లో షికాగోలో మార్షల్ చెస్ అనే యువ నిర్మాత మడ్డీ వాటర్స్‌తో "ఎలక్ట్రిక్ మడ్" తీశాడు. బ్లూస్ రాజుని సైకెడెలిక్ కుర్రకారుకి అమ్మాలని ఆలోచన. పీట్ కోజీ, ఫిల్ అప్‌చర్చ్ లాంటి గట్టి వాయిద్యగాళ్లు, వాద్యాల కూర్పు చార్లెస్ స్టెప్నీది, కాలితో తొక్కితే గిటారుని "వా వా" అనిపించే వావా పెడళ్లు, గీపెట్టే గిటార్లు. అమ్ముడుపోయింది కూడా. విమర్శకులు తిట్టిపోశారు. కొన్నాళ్లకు మడ్డీ వాటర్సే దాన్ని బూతుమాటతో తీసిపారేశాడు. మరుసటి ఏడు హౌలిన్ వుల్ఫ్ అనే మరో బ్లూస్ పెద్దాయనతో ఇదే పని చేసి, ఆల్బమ్ అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాశారు: ఇది హౌలిన్ వుల్ఫ్ కొత్త ఆల్బమ్, ఇది ఆయనకి నచ్చలేదు, మొదట్లో ఆయనకి తన ఎలక్ట్రిక్ గిటార్ కూడా నచ్చలేదు అని. ఇంతకంటే సిగ్గులేని ప్రకటన నేను చూడలేదు. నవ్వొస్తుంది, ఒళ్లు మండుతుంది, రెండూ ఒకేసారి. పొడుగు జుట్టున్న కోజీతో వుల్ఫ్, నీ వావాలన్నీ తీసుకెళ్లి చెరువులో పారేసి అటునుంచి అటే మంగలి దగ్గరికి పో అన్నాడట. కోజీయే తర్వాత ఈ కథ చెప్పుకునేవాడు.

(పక్క మాట: మడ్డీ వాటర్స్ భార్య బర్న్‌సైడ్‌కి కజిన్. మన లెక్కలో బావో బావమరిదో అవుతాడు. షికాగోలో ఉన్న రోజుల్లో బర్న్‌సైడ్ ఆ ఇంటికి వెళ్తూ, బావగారు వాయిస్తుంటే చూసేవాడు. ఇంత పెద్ద బ్లూస్ చరిత్ర చివరికి చుట్టరికాల దగ్గర తేలుతుంది.)

"ఎలక్ట్రిక్ మడ్" నాకు చాలాకాలం నచ్చలేదు, ఇప్పుడు నచ్చుతుంది. కోజీ గిటారు అద్భుతం. ఆయన తర్వాత జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ బ్యాండులో చేశాడంటే ఆశ్చర్యం లేదు. రాప్ మనిషి చక్ డి ఆ ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకున్నాడు. అయినా ఒక లోటు కనిపిస్తూనే ఉంటుంది. ఆ రికార్డులో మడ్డీ వాటర్స్ గిటార్ ముట్టుకోలేదు. పాడాడు, అంతే. వాద్యాల కూర్పు ముందే అయిపోయింది, ఆయన వచ్చి తన చోట నిలబడ్డాడు. స్టేజి మీద తన సొంత బ్యాండుతో వాయించలేని రికార్డు తనకెందుకని ఆయన బాధ. ఇది వావా మీద ఫిర్యాదు కాదు. తన పెళ్లికి తాను అతిథిగా వెళ్లినవాడి ఫిర్యాదు.

కాబట్టి నేను ఒక కొలత పెట్టుకున్నాను: రికార్డులో ఎవరు ఎవరికోసం ఆగుతున్నారు? "ఎలక్ట్రిక్ మడ్"లో గాయకుడు బ్యాండుకోసం ఆగుతాడు. 1996 రికార్డులో బ్యాండు గాయకుడికోసం ఆగుతుంది. బర్న్‌సైడ్ ఒక బారు ఎక్కువ పట్టుకుంటే ముగ్గురు కుర్రాళ్లూ తడబడి సర్దుకోవడం వినపడుతుంది, ఆ తడబాటుని వాళ్లు చెరపలేదు. నాకు దానిమీద గౌరవం.

ఈ కొలతతో నేను చాలా సంతోషంగా ఉన్నాను, రెండేళ్ల పాటు. తర్వాత అది విరిగింది. 1998లో బర్న్‌సైడ్ పేరుతో "కమ్ ఆన్ ఇన్" వచ్చింది. టామ్ రోత్‌రాక్ అనే నిర్మాత ఆయన గొంతునీ గిటారునీ ముక్కలు కోసి, లూపులు కట్టి, మెషీన్ డ్రమ్స్ మీద అతికించాడు. అక్కడ ఎవరూ ఎవరికోసమూ ఆగరు, అంతా కంప్యూటర్. నా లెక్క ప్రకారం నాకు నచ్చకూడదు. కానీ వంద సార్లు విని ఉంటాను. 2000లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ కూడా అదే దారి. అందులో ఆయన తన కథ తాను చెప్తాడు. తండ్రి, ఇద్దరు అన్నదమ్ములు, ఒక బాబాయి, అందర్నీ షికాగోలో చంపేశారు, ఏడాది తిరక్కుండానే. ఆయన ఆ ఊరు వదిలి మిసిసిపి తిరిగొచ్చేశాడు. గొంతులో ఏడుపు లేదు, పొలం గట్ల లెక్క చెప్తున్నట్టు చెప్తాడు. కింద ఆ లూపు తిరుగుతూనే ఉంటుంది. నా తంబురా మళ్లీ వచ్చింది, ఈసారి మెషీన్‌లో. కొలత విరిగినా బాధపడలేదు.

ఇక తమ్ముడి మాటలో నేను కాదనలేని ముక్క ఒకటుంది. ఆల్బమ్ అట్ట. కార్టూన్ బొమ్మ, పక్కన ఆడవాళ్లు, పేరులో విస్కీ. లోపల స్పెన్సర్ కావాలని రెచ్చగొట్టే అరుపులు, పెద్దాయన బూతులు. బర్న్‌సైడ్ రికార్డులు తీసే ఫ్యాట్ పాసమ్ అనే మిసిసిపి కంపెనీ అప్పట్లో తమ కళాకారుల్ని ఇలాగే అమ్మేది. జైలు, తుపాకీ, సారాయి. బర్న్‌సైడ్ ఒక మనిషిని చంపి పార్చ్‌మన్ జైలుకి వెళ్లిన మాట నిజమే, ఆయనే చెప్పుకునేవాడు. కానీ దాన్ని విజిటింగ్ కార్డులా పంచడం వేరు. నల్లజాతి ముసలాయన అంటే తాగి వాగే అడవి మనిషి అని తెల్ల కుర్రాళ్లకి చూపించి డబ్బు చేసుకోవడం ఆ దేశంలో పాత వ్యాపారం. స్పెన్సర్ అరుపుల్లో ఆ వాసన కొంత ఉంది. కొన్ని చోట్ల నేను ట్రాక్ దాటేస్తాను. బాగున్నది బాగుంది కాబట్టి ఇది కూడా బాగుందనను.

అయితే ఆ బూతుల్ని మొత్తం కుర్రాళ్ల ఖాతాలో వేయడం కూడా తప్పు. నల్లవాళ్ల మౌఖిక సాహిత్యంలో "టోస్ట్" అని ఒక ప్రక్రియ ఉంది. ప్రాసలతో, గొప్పలతో, పచ్చి బూతులతో సాగే కథలు, జైళ్లలో, బార్లలో, మంగలి షాపుల్లో చెప్పుకునేవి. బర్న్‌సైడ్ వాటిలో ఆరితేరిన మనిషి. ఈ ఆల్బమ్‌లో "టోజో టోల్డ్ హిట్లర్" అలాంటి పాత సరుకే. చాటుపద్యాల్లో బూతు ఉందని మనం శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునేవాటిని ఎవరో చెడగొట్టారనం కదా? పుస్తకంలో అచ్చు వేసినప్పుడు చుక్కలు పెట్టుకుంటాం, అంతే. బ్లూస్‌ని మర్యాదస్తుడిలా తల దువ్వి, చొక్కా గుండీ పెట్టి నిలబెట్టాలనే తాపత్రయం వినేవాళ్లది. ఆయనది కాదు.

అసలు స్వచ్ఛత కాపలా కాసేవాళ్లకి ఆలస్యంగా రావడం అలవాటు. మడ్డీ వాటర్స్ 1958లో ఇంగ్లండ్ వెళ్లి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తే అక్కడి జానపద ప్రియులు చెవులు మూసుకున్నారు. ఆ అనుభవంతో కొన్నేళ్ల తర్వాత పాపం అకూస్టిక్ పట్టుకెళ్తే, ఎలక్ట్రిక్ ఏదీ అని అడిగారు. బర్న్‌సైడ్ 2005లో మెంఫిస్‌లో పోయాడు. ఆయన వెనక డ్రమ్స్ బాదిన మనవడు సెడ్రిక్ ఇప్పుడు గిటార్ పట్టుకుని ముందుకొచ్చాడు. 2022లో ఆయనకి గ్రామీ వచ్చింది. విభాగం పేరు: ఉత్తమ సంప్రదాయ బ్లూస్ ఆల్బమ్. అవును, సంప్రదాయ.

ఈ వ్యాసం సగంలో ఉండగా తమ్ముడు మొన్న రాత్రి వాట్సాప్‌లో ఒక వాయిస్ నోట్ పంపాడు. "అన్నా, నువ్వన్నట్టు ఒకే కార్డ్ మీద కూర్చుని చూశాను, విను" అని. విన్నాను. బొటనవేలు బాగానే నడుస్తోంది, చెమట పట్టినట్టే ఉంది. నాలుగు బార్లు అలాగే పట్టుకున్నాడు. అయిదో బారు రాగానే చెయ్యి దానంతటదే పక్క కార్డ్‌కి జారింది. ఒక్క క్షణం నిశ్శబ్దం, చిన్న తిట్టు, మళ్లీ మొదటి నుంచి.